బాపు చెవులు, నా ఇయర్‌బడ్స్

చిన్నప్పుడు మా ఇంట్లో ఒక జోకు నడిచేది. అమ్మ చాప తెమ్మంటే బాపు చాట తెచ్చేవాడు. అమ్మ తల కొట్టుకునేది. నేనూ, చెల్లీ పడీపడీ నవ్వేవాళ్లం. బాపు కూడా మాతోపాటు నవ్వి, చాట గోడకు ఆనించి, మళ్లీ చాప కోసం లోపలికి వెళ్లేవాడు.

అది జోకు కాదని తెలియడానికి నాకు ఇరవై ఏళ్లు పట్టింది. అదీ నా చెవికి దెబ్బ తగిలాక!

మాది సిరిసిల్ల. బాపు 26 ఏళ్లు సాంచాల మీద పని చేశాడు. పేపర్లలో మరమగ్గాలని రాస్తారు, పవర్‌లూమ్స్ అంటారు. మాకు మాత్రం సాంచాలే. షిఫ్టు అంటే 12 గంటలు. ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. షెడ్డు లోపలికి అడుగు పెడితే పక్కన నిలబడ్డ మనిషి అరిచినా వినబడదు. అందుకే అక్కడ అందరూ చేతులతో మాట్లాడుకుంటారు. దారం తెగింది, కండె అయిపోయింది, చాయ్‌కి పోదాం... అన్నిటికీ సైగలే. బాపు ఇంటికొచ్చాక కూడా సగం మాటలు చేతులతోనే చెప్పేవాడు. అన్నం కావాలంటే వేళ్లు నోటి దగ్గర పెట్టేవాడు. అది ఆయన అలవాటు అనుకునేవాళ్లం.

టీవీ పెడితే గల్లీ చివరిదాకా వినబడేది. ఫోన్ చేస్తే నేను ఆఫీసు కారిడార్‌లోకి పోయి అరవాలి. "బాపూ, తిన్నవా?" అంటే "ఆఁ, మంచిగనే ఉన్న" అనేవాడు. ఒకసారి విసుగొచ్చి గట్టిగా కసిరితే ఆయన మెల్లగా అన్నాడు: "ఇనవడ్తంది రా. సమజైతలేదు."

ఆ మాటకు అర్థం ఈమధ్యే తెలిసింది.

బరాత్ మర్నాడు

నాలుగు నెలల క్రితం దోస్తు పెళ్లి. రాత్రి బరాత్. డీసీఎం మీద మనిషికంటే ఎత్తు డీజే బాక్సులు. బేస్ కొడుతుంటే గుండె లోపల ఎవరో తంతున్నట్టుంది. మేం గ్యాంగ్ అంతా సరిగ్గా బాక్సుల ముందే. మూడు గంటలు ఆగకుండా ఎగిరాం. సరదాగా ఉందా అంటే, అబద్ధం ఎందుకు, భలే ఉంది.

ఇంటికొచ్చి పడుకుంటే చెవుల్లో గుయ్యిమని ఒకటే మోత. దూది పెట్టుకున్నట్టు అన్నీ దూరంగా వినబడుతున్నాయి. "అది మామూలే, పొద్దున్నకు పోతది" అన్నారు దోస్తులు. నిజంగానే పొద్దున్నకు చాలావరకు పోయింది. కానీ ఎడమ చెవిలో సన్నటి ఈల ఒకటి ఉండిపోయింది. పగలు ఆఫీసు గోలలో తెలిసేది కాదు. రాత్రి లైటు తీసేసి, ఫ్యాన్ స్లోలో పెట్టి పడుకుంటే మొదలయ్యేది. రెండు వారాలు చూసి, భయమేసి ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి వెళ్లాను.

డాక్టర్ చెవి చూసి, ఆడియోమెట్రీ రాశారు. చిన్న గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్స్ పెట్టి, సన్నటి బీప్ వినబడినప్పుడల్లా బటన్ నొక్కమంటారు. పావుగంట పని, నొప్పీ గిప్పీ ఏం లేదు. చివర ఒక గ్రాఫ్ ఇస్తారు. పరీక్ష చేసిన మేడమ్ ఆ గ్రాఫ్ చూసి అడిగారు: "మీరేమైనా మిల్లులో పని చేస్తారా?"

"లేదండీ, ఆఫీసు పని. లాప్‌టాప్ ముందు."

"మరి ఇయర్‌ఫోన్స్?"

లెక్క చెప్పాను. మెట్రోలో గంట. ఆఫీసులో పని చేసుకుంటూ నాలుగైదు గంటలు. రాత్రి నిద్ర పట్టేదాకా. మెట్రో మోతలో వినబడాలని వాల్యూమ్ దాదాపు ఫుల్. నా వయసు 27. గ్రాఫ్ గీత మొదటి నుంచీ తిన్నగా వచ్చి, 4000 హెర్ట్జ్ దగ్గర చిన్న గుంటలా దిగి, మళ్లీ పైకి లేచింది. పెద్ద శబ్దాల వల్ల చెవి దెబ్బతింటే మొదట ఎక్కువగా కనిపించేది ఆ గుంటేనట.

మరుసటి నెల బాపును తీసుకెళ్లి అదే పరీక్ష చేయించాను. రెండు గ్రాఫులూ టేబుల్ మీద పక్కపక్కన పెట్టారు మేడమ్. నాది గుంట. ఆయనది లోయ. చోటు మాత్రం ఒకటే.

బాపు ఆ లోయలోకి కూలి కోసం దిగాడు. నేను ఈఎంఐలో ఇయర్‌బడ్స్ కొనుక్కుని మరీ దిగుతున్నా.

లోపల జరిగేది ఇది

చెవి లోపల నత్తగుల్ల ఆకారంలో కాక్లియా అని ఒక భాగం ఉంటుంది. సైజు బఠాణీ గింజంత. అందులో పుట్టుకతోనే 15 వేలకు పైగా సన్నటి కేశ కణాలు ఉంటాయి. శబ్దం లోపలికి రాగానే ఇవి ఊగి, ఆ ఊపును కరెంటు సిగ్నల్‌గా మార్చి మెదడుకు పంపుతాయి.

పచ్చగడ్డి మీద ఒకసారి నడిస్తే గడ్డి వంగి మళ్లీ లేస్తుంది. రోజూ అక్కడే నడిస్తే బాట పడుతుంది. కేశ కణాలూ అంతే. ఒక రాత్రి గోలకు వంగి, ఒకట్రెండు రోజుల్లో తేరుకుంటాయి. రోజూ తొక్కితే చచ్చిపోతాయి. పక్షుల్లో ఈ కణాలు మళ్లీ మొలుస్తాయి. మనుషుల్లో మొలవవు. పోయినవి పోయినట్టే. వాటిని తెచ్చిపెట్టే మందు, ఆపరేషన్ ఇప్పటికైతే లేవు.

"పొద్దున్నకు పోతది" అన్న మాటలో కూడా ఒక మోసం ఉంది. 2009లో అమెరికాలో హార్వర్డ్ పరిశోధకులు ఎలుకలకు 100 డెసిబెల్స్ శబ్దాన్ని రెండు గంటలు వినిపించారు. కొన్నాళ్లకు వాటి వినికిడి పరీక్ష మామూలుగానే వచ్చింది. లోపల చూస్తే కేశ కణాలకూ నరానికీ మధ్య ఉండే కనెక్షన్లు కొన్నిచోట్ల సగం దాకా పోయాయి. మనుషుల్లో ఇది ఎంతవరకు జరుగుతుందన్న దాని మీద ఇంకా పరిశోధనలు నడుస్తున్నాయి. కానీ మోత తగ్గింది కాబట్టి నష్టమేమీ లేదని అనుకోవడానికి మాత్రం లేదు.

ఇక బాపు మాట సంగతి. మన తెలుగులో దాదాపు ప్రతి మాటా అచ్చుతో ముగుస్తుంది. ఆ, ఈ, ఊ లాంటి అచ్చులు బరువైన, తక్కువ ఫ్రీక్వెన్సీ శబ్దాలు. అవి బాపుకు వినబడుతున్నాయి. స, ష, చ, త, ప, క లాంటి హల్లులను గుర్తుపట్టించే సన్నటి శబ్దాలు పై ఫ్రీక్వెన్సీల్లో ఉంటాయి. ఆయనకు లోయ పడింది సరిగ్గా అక్కడే. అంటే మన వాక్యంలో రాగం వినబడుతుంది, మాట తెలియదు. చాప, చాట మధ్య తేడా ఒక్క హల్లు. ఆ ఒక్క హల్లును సాంచాలు తినేశాయి. మేమేమో నవ్వాం!

చెవికీ డేటా ప్యాక్ ఉంది

మన ఫోన్‌కు రోజుకు ఇంత డేటా అని ఉన్నట్టే చెవికీ రోజుకు ఒక కోటా ఉంది. తేడా ఏంటంటే, చెవికి టాప్-అప్ లేదు.

అమెరికాలో పనిచేసేవాళ్ల ఆరోగ్యం చూసే సంస్థ నియోష్ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ శబ్దంలో రోజుకు 8 గంటల దాకా ఉండొచ్చు. అక్కడి నుంచి ప్రతి 3 డెసిబెల్స్‌కూ టైమ్ సగం అవుతుంది. ఎందుకంటే 3 డెసిబెల్స్ పెరిగితే శబ్దంలో ఉండే శక్తి రెట్టింపవుతుంది.

85 అయితే 8 గంటలు
88 అయితే 4 గంటలు
91 అయితే 2 గంటలు
94 అయితే 1 గంట
97 అయితే అరగంట
100 అయితే పావుగంట

ఇప్పుడు నా బరాత్ లెక్క వేద్దాం. డీజే బాక్సుల ముందు 100 అనుకోవడమంటే చాలా మర్యాదగా అనుకోవడమే. అయినా మూడు గంటలంటే 12 పావుగంటలు. ఒక్క రాత్రిలో 12 రోజుల కోటా అయిపోయింది.

బాపు లెక్క వేస్తే చెయ్యి వణికింది. మరమగ్గాల షెడ్లలో శబ్దం మామూలుగా 90 దాటి, 100 దాకా వెళ్తుంది. 97 అనుకుందాం. అరగంటకు ఒక రోజు కోటా. 12 గంటల షిఫ్టులో 24 రోజుల కోటా. ప్రతి రోజూ. 26 ఏళ్లు.

మన దేశంలో ఫ్యాక్టరీలకు పెట్టిన పరిమితి 8 గంటలకు 90 డెసిబెల్స్. శబ్దం వల్ల వచ్చే వినికిడి లోపాన్ని చట్టం పనివల్ల వచ్చే జబ్బుల జాబితాలోనే పెట్టింది. బాపు పనిచేసిన షెడ్డులో ఆ మాట చెప్పినవాళ్లెవరూ లేరు. చెవుల్లో పెట్టుకోవడానికి ఏదైనా ఇచ్చినవాళ్లూ లేరు.

పాటలు వినే మనలాంటివాళ్ల కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ వారానికి లెక్క చెప్పింది. 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు. 90 అయితే 4 గంటలే. ఫోన్‌ను బట్టి, ఇయర్‌బడ్స్‌ను బట్టి మారుతుంది కానీ ఫుల్ వాల్యూమ్‌లో 100 దాటడం పెద్ద విషయం కాదు. 12 నుంచి 35 ఏళ్ల మధ్యవాళ్లలో ప్రపంచవ్యాప్తంగా 100 కోట్లకు పైగా మంది ఇలా వినికిడిని రిస్కులో పెట్టుకుంటున్నారని ఆ సంస్థే అంటోంది. ఆ 100 కోట్లలో నేనొకణ్ని. మీరూ ఉన్నారేమో చూసుకోండి.

నిద్రలో కూడా వింటుంది

కన్ను మూసుకోవచ్చు. చెవికి రెప్ప లేదు. మనం పడుకున్నా అది డ్యూటీలోనే ఉంటుంది.

నేను ఉండే హాస్టల్ అమీర్‌పేటలో, మెయిన్ రోడ్డు మీద. రాత్రి రెండింటికి కూడా హారన్లే. "అలవాటైపోయింది, నిద్ర పడుతుంది" అని గొప్పగా చెప్పుకునేవాణ్ని. నిజానికి అలవాటైంది మనకు, ఒంటికి కాదు. మెలకువ రాకపోయినా ప్రతి హారన్‌కూ గుండె వేగం మారుతుంది, ఒత్తిడి హార్మోన్లు విడుదలవుతాయి, గాఢనిద్ర చెదురుతుంది. ఏళ్ల తరబడి ఇలా సాగితే బీపీ, గుండెజబ్బుల ముప్పు పెరుగుతుంది. పశ్చిమ యూరప్‌లో ట్రాఫిక్ గోల వల్ల ఏటా కనీసం 10 లక్షల ఆరోగ్యకరమైన జీవిత సంవత్సరాలు పోతున్నాయని 2011లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ విభాగం లెక్క తేల్చింది. అక్కడి రోడ్లే అలా ఉంటే మన రోడ్ల సంగతి చెప్పాలా?

మనకు చట్టం లేక కాదు. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం ఇళ్లుండే చోట పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదు. ఆస్పత్రులు, బడులు, కోర్టుల చుట్టూ 100 మీటర్లు సైలెన్స్ జోన్. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట లౌడ్‌స్పీకర్లు పెట్టకూడదు. పండగలకు ప్రభుత్వం అర్ధరాత్రి దాకా సడలింపు ఇవ్వొచ్చు కానీ అది ఏడాదికి 15 రోజులు మించకూడదు. 2024 అక్టోబర్‌లో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించారు. అర్ధరాత్రి మీ గల్లీలో బాక్సులు మోగుతుంటే 100కి గానీ 112కి గానీ ఫోన్ చేసే హక్కు మీకుంది. "పండగపూట మనమెందుకు చెడ్డవాళ్లం కావడం" అని ఆగిపోతాం. ఆ పక్కింట్లో పురిటి బిడ్డ ఉందేమో, గుండె ఆపరేషన్ అయిన పెద్దాయన ఉన్నాడేమో ఒక్కసారి ఆలోచిస్తే ఫోన్ చేయడం తేలికవుతుంది.

నేను మార్చుకున్నవి

సంగీతం మానేయలేదు. బరాత్‌లూ మానను. మార్చుకున్నవి ఇవే.

1. ఫోన్ సెట్టింగ్స్‌లో వాల్యూమ్ లిమిట్ పెట్టాను. చాలా ఫోన్లలో ఉంటుంది. 60 శాతం దాటనివ్వను. గంట విన్నాక కాసేపు చెవులకు రెస్ట్.

2. నిశ్శబ్దంగా ఉన్న గదిలో సరిపోయిన వాల్యూమే మెట్రోలోనూ ఉంచుతాను. బయట గోల ఎక్కువైతే పాట ఆపేస్తాను. నాయిస్ క్యాన్సిలింగ్ ఉన్నవి వాడితే వాల్యూమ్ పెంచాల్సిన అవసరం తగ్గుతుంది. బండి మీద మాత్రం అసలు పెట్టుకోను. అక్కడ పోయేది చెవి ఒక్కటే కాదు.

3. చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉన్న మనిషితో అరిచి మాట్లాడాల్సి వస్తోందంటే అక్కడ శబ్దం 85 దాటిందని గుర్తు. యాప్ లేకపోయినా ఈ కొలత ఎప్పుడూ మనతోనే ఉంటుంది.

4. పర్సులో ఫోమ్ ఇయర్‌ప్లగ్స్ జత పెట్టుకుంటున్నా. ఖరీదు చాలా తక్కువ. ఊరికే చెవిలో దోపితే పని చేయవు. వేళ్లతో సన్నగా నలిపి, రెండో చేత్తో చెవిని పైకి లాగి, లోపలికి పెట్టి, అది ఉబ్బేదాకా అరనిమిషం నొక్కి పట్టుకోవాలి. దూది పెట్టుకుంటే చాలనుకోకండి, దానివల్ల తగ్గేది అతి తక్కువ.

5. డీజే బాక్సుకు దూరంగా ఎగురుతాను. ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ దాదాపు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. రెండు మీటర్ల నుంచి ఎనిమిది మీటర్లకు జరిగితే 12 తగ్గినట్టు. డ్యాన్స్‌కు ఏ లోటూ రాదు. చంటిపిల్లల్ని మాత్రం ఆ చుట్టుపక్కలకే తేవొద్దు.

6. చెవిలో మోత ఒకట్రెండు రోజుల్లో తగ్గకపోతే ఈఎన్‌టీ దగ్గరికి వెళ్లాలి. నాలాగా రెండు వారాలు ఆగొద్దు. ఉన్నట్టుండి ఒక చెవి వినబడటం మానేస్తే ఆ రోజే వెళ్లాలి. అది ఎమర్జెన్సీ. వైద్యం ఎంత త్వరగా మొదలైతే తిరిగి వచ్చే అవకాశం అంత ఎక్కువ.

నా ఎడమ చెవిలో ఈల ఇప్పటికీ ఉంది. కొంచెం తగ్గింది. దానితో బతకడం నేర్చుకుంటున్నా.

మళ్లీ సాంచాల దగ్గరికి

బాపుకు రెండు చెవులకూ మెషీన్లు పెట్టించాం. కళ్లజోడు పెట్టుకోగానే చూపు వచ్చినట్టు వినికిడి రాదు. పోయిన కణాలు పోయినవే. మెషీన్ ఉన్నవాటికి సాయం చేస్తుందంతే. మొదటి వారం చిరాకుపడ్డాడు. ఆయన ఇప్పుడు చిన్న కిరాణా కొట్టు నడుపుతున్నాడు. "ఈ కవర్లు గింత సప్పుడు జేస్తయా?" అని నన్నే అడిగాడు. ఇప్పుడు ఫోన్‌లో "తిన్నవా" అంటే "తిన్న" అంటున్నాడు. నేను కారిడార్‌లోకి పోవాల్సిన పని లేదు.

పోయిన నెల ఊరికెళ్లినప్పుడు మా చిన్నబాపు కొడుకు కోసం ఇయర్‌ప్లగ్స్ పట్టుకెళ్లాను. వాడికి 22 ఏళ్లు. సాంచాల మీద మూడేళ్ల నుంచి పని చేస్తున్నాడు. వాడు నవ్వాడు. "అన్నా, సాంచ సప్పుడు ఇంటెనే గద ఏడ దారం తెగిందో తెలిసేది. ఇవి వెట్టుకుంటె ఎట్ల?" చెవి మామూలుగా ఉన్నవాళ్లకు ప్లగ్స్ వల్ల మోత తగ్గుతుంది కానీ సప్పుడులో వచ్చే తేడా తెలుస్తూనే ఉంటుందని చెప్పాను. వినలేదు. జేబులో వేసుకుని డ్యూటీకి పోయాడు.

సాయంత్రం బాపు నన్ను తీసుకుని ఆ షెడ్డుకే వెళ్లాడు. గుమ్మం దగ్గరే మెషీన్లు తీసి గుప్పిట్లో పట్టుకున్నాడు. లోపల అదే హోరు. తమ్ముడు మమ్మల్ని చూసి సాంచ ఆపకుండానే ఏంటని సైగ చేశాడు. బాపు వాడి జేబులోంచి ఇయర్‌ప్లగ్స్ తీసి ఒక అరచేతిలో పెట్టాడు. రెండో అరచేతిలో తన మెషీన్లు. రెండు చేతులూ వాడి ముందు చాచాడు. ఏది కావాలి?

ఆ షెడ్డులో ఇంతకంటే గట్టిగా ఎవరూ చెప్పలేరు. తమ్ముడు ప్లగ్స్ తీసుకున్నాడు. ఇప్పుడు పెట్టుకుంటున్నాడు. పక్క సాంచ మీద పనిచేసే ఇద్దరు తమకూ కావాలన్నారట. ఈసారి డబ్బా నిండా పంపుతున్నా.

మీకూ ఒక చిన్న పని. ఈ పేజీ మూసేలోపు ఫోన్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి వాల్యూమ్ లిమిట్ పెట్టేయండి. ఇంట్లో మాటిమాటికీ "ఏందీ?" అని అడిగే పెద్దవాళ్లుంటే నవ్వకండి. ఒకసారి చెవి పరీక్షకు తీసుకెళ్లండి.